కీమోలో జుట్టు నిలుపుకునే కూలింగ్ క్యాప్: వాడినవాళ్ళు ఉంటే చెప్పండి

మల్లెపందిరి, గుంటూరు
జూన్ 3

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్ళు. ఎడమ రొమ్ములో గడ్డ, రెండో స్టేజ్. వచ్చే మంగళవారం, 10వ తేదీన మొదటి కీమో. ముందు నాలుగు ఎ.సి. (అడ్రియామైసిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే రెండు మందులు కలిపి), మూడు వారాలకొకటి. తర్వాత వారానికొకటి చొప్పున పన్నెండు పాక్లిటాక్సెల్ అన్నారు.

డాక్టర్ గారిని ప్రాణం గురించే అడిగాను. బయటికొచ్చి లిఫ్ట్ కోసం నిలబడ్డాక జుట్టు గుర్తొచ్చింది. మళ్ళీ లోపలికి వెళ్ళి ఆ మాట అడగడానికి సిగ్గేసింది. ఇంత జబ్బు పెట్టుకుని జుట్టు గురించి ఏడుస్తోందేమిటి అనుకుంటారేమో అనిపించింది.

మా పాపకి తొమ్మిదేళ్ళు. అమ్మకి నీరసం, సూదులు వేయించుకోవాలి అని మాత్రమే చెప్పాం. రోజూ పొద్దున నేను దానికి రెండు జడలు వేస్తాను, ఆదివారం అది నాకు వేస్తుంది. అక్కడే నాకు దిగులు.

డేకేర్ వార్డులో ఒకావిడ తలకి బిగుతైన టోపీ, దానికో పైపు, పక్కన మెషీన్ పెట్టుకుని కూర్చుని ఉంది. కూలింగ్ క్యాప్ అని సిస్టర్ చెప్పింది. అది నిజంగా పనిచేస్తుందా? చలి ఓర్చుకోగలమా? తలకి మందు అందకపోతే క్యాన్సర్ తలలోకి పాకుతుందని మా ఆడపడుచు అంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.


ఉషోదయం, హైదరాబాద్
జూన్ 3

చెల్లీ, ముందు ఆ సిగ్గు వదిలెయ్యి. నేనూ నీలాగే లిఫ్ట్ దాకా వెళ్ళి వెనక్కొచ్చి అడిగాను. డాక్టర్ గారు నవ్వలేదు, కసురుకోలేదు. కుర్చీ చూపించి, మళ్ళీ కూర్చోబెట్టి చెప్పారు.

నాకు డోసిటాక్సెల్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి నాలుగు సైకిళ్ళు, అంటే నాలుగు విడతలు. నాలుగింటికీ క్యాప్ పెట్టుకున్నాను. జుట్టు రాలింది, రాలలేదని అబద్ధం చెప్పను. దువ్వెన నిండా వచ్చేది. కానీ చివరికి మూడొంతుల్లో రెండొంతులు నిలిచింది. సవరం పెట్టుకుని మా అన్నకూతురి పెళ్ళికి వెళ్ళాను, ఎవరూ కనిపెట్టలేదు. కనుబొమ్మలు, రెప్పల వెంట్రుకలు మాత్రం పోయాయి. క్యాప్ వాటిని కాపాడదు. ఆ సంగతి నాకెవరూ ముందు చెప్పలేదు, అందుకే నీకు చెబుతున్నాను.

చలి మొదటి పది పదిహేను నిమిషాలే. ఎండాకాలం ఐస్ గడ్డ నుదుటి మీద అదిమి పట్టుకుంటే నొప్పి వస్తుంది చూడు, అలా. తర్వాత తిమ్మిరెక్కిపోతుంది.


సిస్టరమ్మ, విశాఖపట్నం
జూన్ 3

నేను పదకొండేళ్ళుగా కీమో డేకేర్‌లో స్టాఫ్ నర్సుని. రోజూ ఈ క్యాప్‌లు పెట్టే చేతులే నావి. కొంచెం వివరంగా రాస్తాను.

మన తలమీది వెంట్రుకల్లో నూటికి ఎనభై అయిదు, తొంభై ఎప్పుడూ పెరిగే దశలోనే ఉంటాయి. వాటి కుదుళ్ళలో కణాలు చకచకా విభజన అవుతుంటాయి. కీమో మందు పని త్వరగా విభజన అయ్యే కణాన్ని పట్టుకోవడం. గడ్డలోదా, కుదురులోదా అని అది చూడదు. అందుకే మొదటి సైకిల్ తర్వాత రెండు మూడు వారాలకి రాలడం మొదలవుతుంది.

చర్మాన్ని చల్లబరిస్తే రెండు జరుగుతాయి. రక్తనాళాలు ముడుచుకుని కుదుళ్ళకి వెళ్ళే మందు తగ్గుతుంది. కుదురులోని కణం కూడా మందకొడిగా మారి, వచ్చిన ఆ కాస్త మందుని తక్కువ పీల్చుకుంటుంది. మెషీన్ నుంచి టోపీలోకి తిరిగే ద్రవం సున్నా కంటే కొన్ని డిగ్రీలు కింద ఉంటుంది. తలచర్మం 18 నుంచి 22 డిగ్రీల మధ్యకి దిగాలి.

టోపీ తలకి అతుక్కోవడమే ముఖ్యం. మధ్యలో గాలి ఉంటే అక్కడ చల్లదనం అందదు, సరిగ్గా అక్కడే జుట్టు పోతుంది. నడినెత్తి మీద రూపాయి బిళ్ళంత బోడి ప్యాచ్ వచ్చిందని ఏడ్చినవాళ్ళు చాలామందికి కారణం టోపీ సైజు. కాబట్టి సైజు గురించి మొహమాటపడకండి. వదులుగా అనిపిస్తే ఇంకోటి తెమ్మనండి.

ఆడపడుచు గారి అనుమానం మమ్మల్ని చాలామంది అడిగేదే. రొమ్ము క్యాన్సర్ తలచర్మానికి పాకడం ఎలాగూ అరుదు. క్యాప్ పెట్టుకున్నవాళ్ళనీ పెట్టుకోనివాళ్ళనీ పోల్చి చూసినప్పుడు చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఆ భయం అవసరం లేదు.


గోపాలపురం, టెక్సాస్
జూన్ 4

మాది తూర్పు గోదావరి, ఇక్కడికొచ్చి పదహారేళ్ళు. నాకు 2019లో వచ్చింది. నాది లెక్కలు చదివిన బుర్ర కాబట్టి అప్పుడు ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను.

అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్.డి.ఎ. మొదట 2015 డిసెంబర్‌లో డిగ్నిక్యాప్ అనే స్వీడన్ మెషీన్‌కి అనుమతి ఇచ్చింది. 2017లో ప్యాక్స్‌మన్ అనే ఇంగ్లండ్ మెషీన్‌కి ఇచ్చింది. ఆ 2017 ఫిబ్రవరిలోనే జామా అనే వైద్య పత్రికలో రెండు అధ్యయనాలు ఒకేసారి వచ్చాయి. ఒకదాంట్లో క్యాప్ పెట్టుకున్న 95 మందిలో 48 మందికి జుట్టు నిలిచింది, పెట్టుకోని 47 మందిలో ఒక్కరికీ నిలవలేదు. రెండోదాంట్లో 101 మందిలో 67 మందికి నిలిచింది.

ఇక్కడ గమనించాల్సినవి రెండు. నిలిచింది అంటే సగంకంటే తక్కువ రాలిందని అర్థం. యాభై శాతం దాకా రాలినా వాళ్ళ లెక్కలో అది గెలుపే. రెండోది మల్లెపందిరి గారికి నేరుగా సంబంధించినది, అందుకే దాచకుండా రాస్తున్నాను. మొదటి అధ్యయనంలో టాక్సేన్ మందులు (పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ లాంటివి) తీసుకున్నవాళ్ళలో నూటికి దాదాపు 60 మందికి ఫలితం వస్తే, ఆంత్రాసైక్లిన్ తీసుకున్నవాళ్ళలో 16 మందికే వచ్చింది. రెండోదాంట్లో ఆంత్రాసైక్లిన్ వాళ్ళని అసలు చేర్చుకోలేదు. ఎ.సి.లో ఎ, అంటే అడ్రియామైసిన్, ఆ ఆంత్రాసైక్లిన్ రకం మందే, మనవాళ్ళు ఎర్ర మందు అనేది.

అమ్మా, మీ మొదటి నాలుగూ అవే. వద్దని చెప్పడం లేదు. తెలిసి మొదలుపెట్టండి.


మల్లెపందిరి, గుంటూరు
జూన్ 4

చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. కానీ దాచకుండా చెప్పినందుకు కృతజ్ఞతలండీ. ఆసుపత్రిలో ఎవరూ మందుని బట్టి తేడా ఉంటుందని చెప్పలేదు. మన దేశంలో ఎవరైనా చూశారా దీన్ని? మన జుట్టు మందం వేరు కదా.


సిస్టరమ్మ, విశాఖపట్నం
జూన్ 4

చూశారమ్మా. ముంబయి టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రిలో 51 మంది మీద చేసి 2020లో ప్రచురించారు. క్యాప్ పెట్టుకున్నవాళ్ళలో సగానికి కొంచెం పైగా జుట్టు నిలిచింది, పెట్టుకోనివాళ్ళలో ఎవరికీ నిలవలేదు. ఇంకో సంగతి కూడా తేలింది. క్యాప్ పెట్టుకున్నవాళ్ళకి జుట్టు తిరిగి రావడం కూడా త్వరగా మొదలైంది. ఈ రెండో లాభం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నా అనుభవంలో మాత్రం అదే పెద్దది.


కృష్ణాతీరం, విజయవాడ
జూన్ 5

అందరూ ఒకవైపే చెబుతున్నారు, నన్నూ ఒక మాట చెప్పనివ్వండి. నాకు 58. మా ఇంట్లో ఒక్క జీతం. కీమో ప్రభుత్వ పథకం కింద జరిగింది గానీ క్యాప్ ఆ ప్యాకేజీలో లేదన్నారు. సైకిల్‌కి విడిగా వేలల్లో బిల్లు. ఆ డబ్బుతో నేను గుడ్లు, పళ్ళు కొనుక్కున్నాను, ఆసుపత్రికి ఆటోలో కాకుండా కారులో వెళ్ళాను. దానికి నేను విచారించడం లేదు.

పదిహేడో రోజు దిండు మీద జుట్టు చూసి మావారే మంగలిని ఇంటికి పిలిపించారు. వీధిలో ఎవరు కనపడినా, తిరుపతి వెళ్ళొచ్చారా, దర్శనం బాగా అయిందా అని అడిగేవాళ్ళు. మొదట్లో అవునని చెప్పి ఇంట్లోకొచ్చి ఏడ్చేదాన్ని. నెల తర్వాత ఒకరోజు, లేదండీ, క్యాన్సర్‌కి మందులు వాడుతున్నాను అని చెప్పేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, మా చెల్లెలికీ ఇదేనమ్మా అంది. అప్పట్నుంచి అబద్ధం చెప్పలేదు.

ఆర్నెల్లలో రెండంగుళాలు వచ్చింది. ముందు రింగులు రింగులుగా వచ్చి తర్వాత మామూలైంది. క్యాప్ కొనలేనివాళ్ళు ఈ మాటలన్నీ చదివి ఏదో పోగొట్టుకున్నామని బాధపడకూడదని రాశాను.


ఉషోదయం, హైదరాబాద్
జూన్ 5

పిన్నీ, మీరు రాసింది అక్షరాలా నిజం. నేను క్యాప్ పెట్టుకున్నది ఎవరికీ చెప్పుకునే ధైర్యం అప్పట్లో నాకు లేక. మా ఆఫీసులో తెలిస్తే ప్రాజెక్ట్ నుంచి తీసేస్తారని భయం. మీకున్న ధైర్యం నాకుంటే అంత ఖర్చు పెట్టేదాన్ని కాదేమో. కానీ ఆ నాలుగు నెలలు నన్ను రోగిలా కాకుండా మనిషిలా చూశారు. నాకు అది కావలసొచ్చింది.


మూసీ ఒడ్డు, నల్లగొండ
జూన్ 6

నేను పేషెంట్‌ని కాదు, భర్తని. మా దగ్గర మెషీన్ లేక హైదరాబాద్ వెళ్ళేవాళ్ళం. ఆమెకీ ఎ.సి.నే. రెండు సైకిళ్ళు పెట్టుకుంది. చలి కంటే తలనొప్పి, వాంతి భారం ఎక్కువైంది. మూడోసారి టోపీ చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వద్దు తీసెయ్యండి అన్నాను. అప్పటికి కట్టిన డబ్బు పోయింది, పోతే పోయింది. మధ్యలో ఆపినా తప్పు చేసినట్టు కాదని చెప్పడానికే రాస్తున్నాను. ఆమె చాలా రోజులు నావల్ల డబ్బు దండగ అయిందని బాధపడింది.

ఇంకోటి. మందు ఎక్కేది గంటన్నరైతే క్యాప్‌తో కూర్చునేది నాలుగు గంటలు. తోడు వెళ్ళేవాళ్ళు ఆ లెక్కన బస్సు చూసుకోండి.


సిస్టరమ్మ, విశాఖపట్నం
జూన్ 6

అవునండీ. మందు ఎక్కించడానికి అరగంట ముందు పెట్టాలి, ఎక్కినంతసేపూ ఉంచాలి, అయ్యాక కూడా మందుని బట్టి గంటన్నర, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వారం వారం ఇచ్చే పాక్లిటాక్సెల్‌కి తర్వాతి సమయం కొంచెం తక్కువ. తలనొప్పికి అరగంట ముందే పారాసిటమాల్ ఇవ్వమని అడగండి. చాలామందికి అదే సరిపోతుంది.


లీడ్స్ తెలుగమ్మాయి, ఇంగ్లండ్
జూన్ 6

ఇక్కడ ఎన్.హెచ్.ఎస్., అంటే ప్రభుత్వ ఆసుపత్రుల్లో చాలాచోట్ల ఇది ఉచితం. కీమో ఒప్పుకునే కాగితంతో పాటే క్యాప్ కావాలా అని అడిగారు, నేను అడగాల్సిన పనే పడలేదు. మల్లెపందిరి అక్క లిఫ్ట్ దగ్గర నిలబడ్డ మాట చదివి మనసు కలుక్కుమంది. అడిగే పని పేషెంట్‌ది కాకూడదు.

మా ఊరికి దగ్గర్లోనే హడర్స్‌ఫీల్డ్. ప్యాక్స్‌మన్ వాళ్ళది ఆ ఊరే. వాళ్ళ కుటుంబ వ్యాపారం బీరు చల్లబరిచే పరికరాలు. ఆ కుటుంబంలో ఒకాయన భార్యకి కీమోలో జుట్టు పోతే, ఆ చల్లబరిచే పనితనాన్నే ఆయన ఈ టోపీలకి పట్టించారు. మొదటి మెషీన్ 1997లో హడర్స్‌ఫీల్డ్ రాయల్ ఇన్‌ఫర్మరీలో పెట్టారు. భార్య జుట్టు పోవడం చూసిన మనిషి చేసిన మెషీన్ అని తెలిశాక, అది నెత్తిన పెట్టుకుని కూర్చోవడం నాకు కొంచెం తేలికైంది.


అమలాపురం బాబు
జూన్ 8

మా అమ్మకి 62, లింఫోమా. ఆర్-చాప్ అనే కీమో ఇస్తున్నారు. ఆమెకి కూడా పెట్టించవచ్చా?


సిస్టరమ్మ, విశాఖపట్నం
జూన్ 8

బాబూ, వద్దు. లింఫోమా, లుకేమియా లాంటి రక్త సంబంధ క్యాన్సర్లకి ఇది వాడరు. అక్కడ మందు ఒళ్ళంతా, తలచర్మంతో సహా, చేరాల్సిందే. చలికి దద్దుర్లు వచ్చేవాళ్ళకీ, చలికి ఎర్ర రక్తకణాలు ఒకదానికొకటి అతుక్కునే కోల్డ్ అగ్లుటినిన్ లాంటి జబ్బులున్నవాళ్ళకీ పెట్టకూడదు. అమ్మకి మెత్తటి నూలు గుడ్డలు రెండు మూడు కొనిపెట్టు. పాలిస్టర్ వద్దు, చెమట పడుతుంది. రాలడం మొదలయ్యే ముందే పొట్టిగా కత్తిరిస్తే చూసినప్పుడు బెదురు తగ్గుతుంది.


మల్లెపందిరి, గుంటూరు
జూన్ 11

నిన్న మొదటిది అయింది. క్యాప్ పెట్టుకున్నాను. వెళ్ళేముందు డాక్టర్ గారిని అడిగాను. ఎ.సి.కి అవకాశం తక్కువే, పాక్లిటాక్సెల్ దగ్గర బాగుంటుంది, ఓర్చుకోగలిగితే మొదలుపెట్టండి అన్నారు. మీరు చెప్పిందే. ఆ మాట ముందే విని ఉండటం వల్ల తట్టుకున్నాను.

జుట్టు తడిపి, కొంచెం కండిషనర్ రాసి, వెనక్కి దువ్వి పెట్టారు. నుదుటి మీద, చెవుల మీద గాజుగుడ్డ. పన్నెండు నిమిషాలు ఏడుపొచ్చినంత నొప్పి, గడియారం చూస్తూనే ఉన్నాను. తర్వాత నిద్రపోయాను కూడా. దుప్పటి, ఫ్లాస్కులో అల్లం టీ చాలా పనికొచ్చాయి.

ముందురోజు అలవాటుగా తలకి నూనె పెట్టుకుని వెళ్ళాను. సిస్టర్ అక్కడే షాంపూతో కడిగించింది. నూనె ఉంటే టోపీ సరిగ్గా అతుక్కోదట. ఈ పొరపాటు ఇంకెవరూ చేయకండి.


మల్లెపందిరి, గుంటూరు
జూన్ 29

మొదలైంది. నిన్న సాయంత్రం, సరిగ్గా పద్దెనిమిదో రోజు. దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా వస్తోంది. దువ్వడానికి భయమేసి ఇవాళ ముడి వేసి వదిలేశాను. పని చేయడం లేదా ఇది? ఎల్లుండి రెండోది ఉంది. ఆపెయ్యనా?


ఉషోదయం, హైదరాబాద్
జూన్ 29

దువ్వకుండా వదలకు చెల్లీ! నేను చేసిన తప్పు అదే. ఊడిన వెంట్రుకలు ఉన్నవాటికి చుట్టుకుని జడలు కట్టాయి, విడదీయబోతే మంచివి కూడా ఊడొచ్చాయి. పెద్ద పళ్ళ దువ్వెనతో కింది నుంచి పైకి చిక్కు తీసుకుంటూ రోజుకొకసారి దువ్వు. తలస్నానం వారానికి రెండుసార్లు మించొద్దు, గోరువెచ్చటి నీళ్ళు, రుద్దడం లేదు, డ్రయ్యర్ లేదు, రంగు లేదు. బిగించి జడ వద్దు. దిండుకి శాటిన్ గలీబు.


గోపాలపురం, టెక్సాస్
జూన్ 29

అమ్మా, క్యాప్ పెట్టుకున్నా ఈ రోజుల్లో రాలుతుంది. ఎంత రాలిందని కాక, ఎంత మిగిలిందో చూసుకోండి. వీలైతే పైనుంచి, రెండు పక్కల నుంచి, వెనక నుంచి వారానికొకసారి ఒకే చోట నిలబడి ఫోటో తీయించుకోండి. అద్దం ముందు రోజూ చూస్తే అంతా పోయినట్టే అనిపిస్తుంది.


మల్లెపందిరి, గుంటూరు
ఆగస్టు 14

ఎర్ర మందు నాలుగూ అయిపోయాయి. నిజం రాస్తాను. సగంకంటే ఎక్కువే పోయింది. నడినెత్తి బాగా పలచబడింది, లోపల చర్మం కనపడుతోంది. పాపిట అనేది లేదు. గోపాలపురం గారి లెక్క ప్రకారం నాకు ఫెయిల్. జులై నుంచి బయటికి వెళ్తే స్కార్ఫ్ కడుతున్నాను. అయితే చుట్టూ అంచుల్లో ఉంది కాబట్టి స్కార్ఫ్ కింద చెవుల పక్క జుట్టు కనపడుతుంది.

పాపకి చెప్పేశాను. దువ్వెనలో జుట్టు చూసి అదే అడిగింది. మందు చాలా గట్టిది, జబ్బుతో పాటు జుట్టుని కూడా పట్టుకుంటోంది, అందుకే టోపీ పెట్టుకుంటున్నాను అని చెప్పాను. ఎన్ని వెంట్రుకలు ఉన్నాయో నేను లెక్కపెడతాను అంది. రెండు వందల దాకా లెక్కపెట్టి నిద్రపోయింది.

పన్నెండు పాక్లిటాక్సెల్‌కి కూడా పెట్టుకోవాలా అని మావారు అడిగారు. డబ్బు గురించి కాదు, నేను పడే బాధ చూడలేక. పెట్టుకుంటానన్నాను.


కృష్ణాతీరం, విజయవాడ
ఆగస్టు 15

పెట్టుకో తల్లీ. జూన్‌లో నేను రాసిన మాట నిన్ను వెనక్కి లాగడానికి కాదు. ఎవరి అవసరం వాళ్ళది.


సిస్టరమ్మ, విశాఖపట్నం
ఆగస్టు 15

ఫెయిల్ అనే మాట తీసెయ్యండమ్మా. ఎ.సి. అయ్యాక కుదుళ్ళు బతికి ఉంటే, పాక్లిటాక్సెల్ నడుస్తుండగానే క్యాప్ కింద కొత్త జుట్టు రావడం నేను చాలాసార్లు చూశాను. పలచబడ్డ చోట చలి ఎక్కువ తగులుతుంది, ఈసారి నడినెత్తి మీద పలుచటి గాజుగుడ్డ వేయమనండి. టోపీ సైజు కూడా మళ్ళీ చూడమనండి. జుట్టు తగ్గాక పాత సైజు వదులవుతుంది.

పాక్లిటాక్సెల్‌కి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. చేతులకీ పాదాలకీ ఐస్ గ్లవ్స్ ఇస్తారేమో అడగండి. కొందరికి ఉపయోగపడుతుంది.


మల్లెపందిరి, గుంటూరు
నవంబర్ 20

మొన్నటితో పన్నెండూ పూర్తయ్యాయి. సిస్టరమ్మ గారూ, మీరు చెప్పినట్టే టోపీ ఒక సైజు తగ్గించారు. ఆరో వారానికి నడినెత్తి మీద నూగులా కనపడింది. అది ఊడుతున్న జుట్టేమో అనుకుని తడిమి చూశాను. గట్టిగా ఉంది, రాలేదు. ఇప్పుడు అంగుళం ఉంది. పాతది భుజాల దాకా, కొత్తది అంగుళం. చూడటానికి అందంగా ఏమీ లేదు. కానీ దీపావళికి స్కార్ఫ్ లేకుండా గుమ్మంలో దీపాలు పెట్టాను.

కనుబొమ్మలు పోయాయి. ఉషక్క ముందే చెప్పడం వల్ల ఆ రోజు ఏడవలేదు.

పాప పోయిన ఆదివారం జడ వేసింది. చిటికెన వేలంత ఉంది. రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు తిప్పింది.


నాగావళి, శ్రీకాకుళం
నవంబర్ 22

మొత్తం ఇప్పుడే చదివాను. నాకు సోమవారం మొదటి కీమో. ఇప్పుడు అడిగితే ఆలస్యమా? నడుం దాకా జుట్టు ఉంది, కత్తిరించాలా?


మల్లెపందిరి, గుంటూరు
నవంబర్ 22

ఆలస్యం కాదమ్మా, కానీ మొదటి సైకిల్ నుంచే పెట్టుకోవాలి. సోమవారం దాకా ఆగకుండా రేపే ఆసుపత్రికి ఫోన్ చేసి మెషీన్ ఉందా, ఆ రోజు ఖాళీ ఉందా కనుక్కోండి. నడుం దాకా ఉంటే బరువుకి లాగుతుంది, భుజాల దాకా తగ్గించుకుంటే మంచిది. ఆదివారం నూనె పెట్టకండి. అయ్యాక టోపీ గబుక్కున లాగనివ్వద్దు, మెషీన్ ఆపి మంచు కరిగేదాకా పది నిమిషాలు ఆగమనండి. మీకు ఇస్తున్న మందుల పేర్లు ఏమిటి? కాగితం మీద ఉంటాయి, చూసి ఇక్కడ రాయండి.